చల్లారని మూకుళ్ళు

నాగనీలం రాళ్ళ మూటను వీపున కట్టుకుని యువరాజు కువలయుడు గద్దకొన శిఖరం దాటేసరికి తూర్పున సూర్యుడు పొడిచాడు. వెలుగుతో పాటే రాతి రాబందులు కూడా వచ్చాయి. అవి మాంత్రికుడు కరాళశంబరుడు తన గనుల్లోని నల్లరాతితో చెక్కి ప్రాణం పోసిన పక్షులు. అవి రెక్క విదిలిస్తే గండశిలలు దొర్లినట్టు చప్పుడవుతుంది. వాటి నీడ పడ్డ చోట గడ్డి తల వాల్చేస్తుంది.

కువలయుడు ఒడిసెల తీసి గులకరాయి విసిరాడు. అది రాబందు రొమ్ముకు తగిలి పొడి అయి రాలిపోయింది. పక్షికి గీతైనా పడలేదు. రెండోది సారంగయ్య తలపాగాను గోళ్ళతో ఎగరేసుకుపోయింది. సారంగయ్య బండి తోలుకునే మనిషి. నాగుల గుహ దాకా యువరాజుకు తోడు వచ్చి ప్రాణాలతో తిరిగి వస్తున్నవాడు. అతను బోర్లా పడుకుని రెండు చేతులతో బట్టతల కప్పుకున్నాడు.

ఇక ఆలోచించే వ్యవధి లేదు. కువలయుడు మూట విప్పి ఒక నాగనీలం రాయి తీసి ఒడిసెలలో పెట్టి తిప్పాడు. నీలిమంటలా దూసుకుపోయిన రాయి తగలగానే రాబందు ముక్కలై లోయలో రాలింది. మరో రాయికి మరో రాబందు కూలింది. అలా మూటలో మూడోవంతు ఖాళీ అయ్యాక ఆకాశం శుభ్రపడింది.

సారంగయ్య లేచి లోయలోకి చూస్తూ, "ఎంతమంది కాళ్ళు పోయినట్టు దొరా అవి" అన్నాడు.

అతని మాట నిజం. నాగుల గుహ నుంచి తెచ్చిన ఆ రాళ్ళు మందు కోసం. కువలయుని తండ్రి విక్రాంతసేన మహారాజు ఏలుతున్న శుక్తిపురానికి శిలాజ్వరం పట్టింది. ముందు అరికాళ్ళు మొద్దుబారతాయి. తర్వాత పాదాలు రాయవుతాయి. రాయి మెల్లగా పైకి పాకుతుంది. పెదవి దాటిందంటే అక్కడ మనిషి ఉండడు, విగ్రహం ఉంటుంది. కువలయుని చెల్లెలు కేతకికి అప్పటికే నడుం దాకా వచ్చింది.

మందు లేకపోలేదు. నగరంలో పెద్దసంత మైదానంలో కరాళశంబరుడే బంగారు గుడారం వేసి పసిడి గుళికలు పంచుతున్నాడు. నాలుక మీద వేసుకున్న క్షణంలో రాయి కరిగి మనిషి లేచి నడుస్తాడు. వెల ఏమీ లేదు. అతని నల్లశంఖంలో తమ పేరు చెబితే చాలు. కాని ఆ తర్వాత శంఖం ఎప్పుడు పిలిస్తే అప్పుడు, ఎక్కడికి పొమ్మంటే అక్కడికి ఆ మనిషి లేచి పోవాలి. అలా గనుల్లోకి పోయినవాళ్ళు తిరిగి రాలేదు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. తెలిసి కూడా వరసలో నిలబడుతున్నారు. పెద్దసంత నాటికి వేరే మందు రాకపోతే కేతకికి కూడా గుళిక వేయిస్తానని మహారాజు చాటింపు వేయించాడు. కువలయుడు బయలుదేరే రోజున కేతకి అతనితో చెప్పింది ఒక్కటే మాట: "రాయినైనా అవుతాను కాని, వాడి పిలుపుకి లేచి వెళ్ళను అన్నయ్యా."

*

గద్దకొన దిగితే అగ్నిలోయ. చలి ఎరగని నేల అది. రాళ్ళ సందుల్లోంచి వేడి ఊటలు బుసకొడుతూ పైకి లేచి, గాలిలో సన్నని ముత్యాల తెరలై వేలాడుతుంటాయి. మోదుగు చెట్లు ఆకులు విడిచి ఒళ్ళంతా పూలై, కొండవాలుకి ఎవరో నిప్పు పెట్టి మరిచిపోయినట్టు ఉంటాయి. గంధకం పారిన చోట పసుపు, రాగి పారిన చోట నెమలికంఠం రంగు, ఇనుము పారిన చోట ఎండిన నెత్తురు రంగు. ఆ రంగుల మధ్య కొండవాలున ఆవుల మంద నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళాక తెలిసింది, ఆవులన్నీ రాయైపోయాయి. ఒక దూడ తల్లి పొదుగు వైపు మెడ చాచి అలాగే ఉండిపోయింది.

లోయ అడుగున నాగాంబ గుడిసె. ఆమె పుటాలు పెట్టే వైద్యురాలు. ఏళ్ళ తరబడి నిప్పు ముందు కూర్చున్నందువల్ల కనుబొమ్మలు లేవు, నవ్వినా నవ్వినట్టు తెలియదు. మూట అందుకుని చేత్తో బరువు చూసింది.

"ఇంతేనా నాయనా తెచ్చినావు?"

కువలయుడు రాబందుల సంగతి చెప్పాడు.  ఆమె రాళ్ళను కల్వంలో పోసి నూరడం మొదలుపెట్టింది.

పని పద్ధతి ఆమె నూరుతూనే చెప్పింది. నాగనీలాన్ని కొండపిండి ఆకు పసరుతో నూరి బిళ్ళలు చెయ్యాలి. బిళ్ళల్ని రెండు మట్టి మూకుళ్ళ మధ్య పెట్టి, మట్టి పూసిన గుడ్డతో అంచు మూసి, గుంటలో పిడకల నడుమ పెట్టి కాల్చాలి. కాలాక వదిలెయ్యాలి. దానంతట అదే చల్లారాలి. నీళ్ళు చల్లకూడదు, గాలి విసరకూడదు, బూడిద తియ్యకూడదు. చల్లారాక తీసి మళ్ళీ పసరు, మళ్ళీ నూరడం, మళ్ళీ పుటం. చిటికెడు భస్మం నీటి మీద వేస్తే తేలే దాకా అంతే. తేలితే మందు. మునిగితే మన్ను.

కువలయుడు పెద్దసంత దగ్గరపడిందన్నాడు. ఇలా అయితే ఎప్పటికి పూర్తవుతుందని అడిగాడు. సంత దాటిపోతుందని ఆమె చెప్పింది. సారంగయ్య మరో దారి చూపాడు. భస్మంలో తెల్లబూడిద కలిపితే పని తొందరగా అవుతుంది, ఊరందరికీ సరిపోతుంది, తలా కాస్త తక్కువ గుణం ఇస్తుంది, అంతేగా అన్నాడు.

నాగాంబ నూరడం ఆపింది.

"నీ బండికి ముప్పాతిక చక్రం వేసి తోలు, చూద్దాం. ముప్పాతిక దూరం పోతుందేమో." తర్వాత కువలయుని వైపు తిరిగింది. "తొందరగా కావల్నా, అందరికీ కావల్నా, పని చెయ్యల్నా? మూడూ ఒక గుంటలో కాలవు నాయనా. ఏది వదులుకుంటావో ఇప్పుడే చెప్పు. నిప్పు పెట్టినాక నన్ను అడగొద్దు."

కువలయుడు ఏదీ వదులుకోనన్నాడు. పెద్ద మూకుళ్ళు చల్లారడానికి ఆలస్యమవుతుంది కాబట్టి చిన్న మూకుళ్ళలో పెడదామన్నాడు. నాగాంబ సరే కానిమ్మంది. కాని చిన్న మూకుళ్ళకు పిడకలు ఎక్కువ కావాలి. ప్రతి మూత దగ్గరా ప్రతిసారీ కాస్త భస్మం అంటుకుపోతుంది. రాళ్ళు ముందే తరిగాయి, పిడకలు వేసే ఆవులు రాయైపోయాయి. ఉన్న పిడకలు కాలాక, గుహకు వెళ్ళేటప్పుడు లోయలోనే విడిచి పోయిన సారంగయ్య బండిని విరిచారు. చక్రాలు, కాడి, నొగలు అన్నీ చితుగుల్లా చీల్చి గుంటలో పేర్చారు. సారంగయ్య ప్రతి ముక్కా తన చేత్తోనే వేశాడు, ఇంకొకళ్ళని వెయ్యనివ్వలేదు. ఆ తర్వాత నాగాంబ మంచం, తలుపు, చివరికి గుడిసె దూలం కాలాయి. పైకప్పు నేల మీద కూర్చుంది. రోజులు గడుస్తున్న కొద్దీ భస్మం తెల్లబడుతూ వచ్చింది, కుప్ప చిన్నదవుతూ వచ్చింది. ఊరందరికీ అన్న మాట సగం ఊరికి అయింది. సగం ఊరు పావు ఊరయింది.

ఆఖరి పుటానికి వేరువేరు గుంటలకు వంటచెరకు లేదు. మూకుళ్ళన్నిటినీ ఒకే గుంటలో వరసలుగా పేర్చి, మిగిలినదంతా చుట్టూ వేసి నిప్పు పెట్టారు. మంట ఆరాక నాగాంబ గుంట పక్కన అరచెయ్యి ఆనించి చూసింది. మర్నాటికి చల్లారుతుందని చెప్పింది. మందు తేనెలో రంగరించి ఇవ్వాలి కాబట్టి తేనె కోసం కొండచరియ ఎక్కింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "ముట్టొద్దు" అంది.

ఆమె కనుమరుగైన కాసేపటికి గుర్రం డెక్కల చప్పుడు వినిపించింది. వచ్చినవాడు రాజభవనపు రౌతు. కోట ముద్ర ఉన్న తలపాగా, నురగలు కక్కుతున్న గుర్రం. దిగి నేల మీద మోకరించాడు.

"యువరాజా, చెల్లెలమ్మగారికి రాయి గొంతు దగ్గరికి వచ్చింది. సంత ఈరోజే కూడింది. పల్లకీ సిద్ధం చేస్తున్నారు."

నడుం దాకా ఉన్నది ఇంతలో గొంతుదాకా ఎలా వచ్చిందని కువలయుడు అడిగాడు. ఆమె రోజూ కోటగోడ మీదికి మోయించుకుని ఈ దారి వైపు చూస్తూ కూర్చుందని, చలిగాలికి జ్వరం త్వరపడిందని రౌతు చెప్పాడు.

కువలయుడు గుంట దగ్గరికి నడిచాడు. సారంగయ్య అడ్డం వచ్చి, అవ్వ వద్దని చెప్పింది దొరా అన్నాడు. కువలయుడు అతన్ని పక్కకు తప్పించి, పారతో బూడిద లాగేశాడు. వేడి ముఖానికి కొట్టింది. పట్టుకారుతో మూకుళ్ళు బయటికి తీసి వరసగా పెట్టి ఒక్కొక్కదాని మూత పగలగొట్టాడు. ప్రతి మూకుటిలోంచీ సన్నని శబ్దం వచ్చింది, నీళ్ళలో ముంచిన కొరకంచులా. లోపలి భస్మం పావురం రెక్క రంగులో మెత్తగా ఉంది. బాగానే ఉందని సారంగయ్య ఊపిరి పీల్చుకున్నాడు.

రౌతు లేచి నిలబడ్డాడు. తలపాగా తీశాడు. దాని కింద ఉన్న ముఖం అందమైనది, శాంతమైనది. అది కరాళశంబరుని ముఖం. గుర్రం వీపున రాతిరెక్కలు విచ్చుకున్నాయి.

"నేనొక్క అబద్ధమూ చెప్పలేదు యువరాజా. వెళ్ళి చూసుకో" అని అతను ఎగిరిపోయాడు.

*

నాగాంబ తేనెపట్టుతో దిగి వచ్చేసరికి అంతా ఆమె కళ్ళ ముందే ఉంది. ఆమె తిట్టలేదు. ముంతెడు నీళ్ళు తెచ్చుకుని కూర్చుంది. మొదటి మూకుటి నుంచి చిటికెడు తీసి నీటి మీద వేసింది. మునిగింది. రెండోది మునిగింది. ఆమె ప్రతిసారీ ముంత కడిగి, కొత్త నీళ్ళు పోసి, మళ్ళీ చూసింది. వరస చివరికి వచ్చింది. గుంట అంచున, మట్టిగోడకు ఆనుకుని ఉన్న ఒకే ఒక మూకుడు మంట ఆరగానే చల్లారింది కాబోలు, దానిలోని భస్మం నీటి మీద నిలిచింది. ముంత కదిపినా తేలుతూనే ఉంది.

"ఒక్క మనిషికి" అంది నాగాంబ.

కువలయుడు రౌతు వేషంలో వచ్చినవాడి సంగతి చెప్పాడు.

"వాడు అబద్ధమాడినాడా?"

"లేదు అవ్వా."

"అయితే నువ్వు ఆగుంటే పావు ఊరైనా దక్కేది, నీ చెల్లి దక్కేది కాదు. ఇప్పుడు అదీ పోయింది. చెల్లి సంగతి నువ్వు వేగంగా పోయి చూసుకోవల్ల. ఒకటి గుర్తు పెట్టుకో. ఇది గొంతు దిగాల. దిగినాక కూడా ఒక రాత్రి గడిస్తే గాని గుణం కనపడదు. పెదవి దాటినాక మాత్రం ఇది పని చెయ్యదు, ఇంకేదీ పని చెయ్యదు."

మునిగిన భస్మాన్ని కూడా తీసుకుపోదామని సారంగయ్య అన్నాడు. చూడడానికి ఒకేలా ఉంది, సంతలో చూపిస్తే జనం గుళిక వరస వదిలి వస్తారు, తర్వాత సంగతి తర్వాత అన్నాడు. నాగాంబ కువలయుని వైపు చూసింది. కువలయుడు మూకుళ్ళు ఒక్కొక్కటే ఎత్తి వేడి ఊటలో కుమ్మరించాడు. అన్ని రోజుల శ్రమ నీటిలో కలిసే దాకా ముగ్గురూ నిలబడి చూశారు. తర్వాత మంచి భస్మాన్ని ఆకు దొప్పలో కట్టి, తేనె వెదురుబొంగులో పోసి నడుముకు కట్టుకున్నాడు.

నగరానికి దగ్గరి దారి ఏరు. ఒడ్డున కట్టేసి ఉన్న తోలు పుట్టిలోకి కువలయుడూ సారంగయ్యా దూకారు. ఏరు కొండ గొంతులోంచి ఉరికింది. పుట్టి బొంగరంలా తిరిగింది. మొసళ్ళ మడుగులో ఒక ముసలి మొసలి పుట్టి అంచు నోట పట్టింది. సారంగయ్య తెడ్డు దాని గొంతులోకి దోసి వదిలేశాడు. ఆ తర్వాత చేతులే తెడ్లయ్యాయి. సుడిగుండం అంచున పుట్టి నిలువుగా లేచి, అవతలి ఒడ్డున ఇసుకలో బోర్లాపడింది. కువలయుడు ముందు నడుం తడిమి చూసుకున్నాడు. దొప్ప పొడిగానే ఉంది.

ఏటి వైపు నగరద్వారమైన ఏటిగవని దగ్గర కరాళశంబరుని కావలివాళ్ళు ఉన్నారు. గుళిక మింగిన మనుషులు. రంగు బాగుంది, నడక బాగుంది, ఎవరిని చూసినా ఒకటే చిరునవ్వు. యువరాజుగా లోపలికి పోయే వీలు లేదు. దారి పక్కన ఒక గాజులవాడు నడుస్తూ నడుస్తూనే రాయై నిలబడి ఉన్నాడు. అతని భుజం మీద మలారం అలాగే ఉంది, ఎర్రగాజులూ పచ్చగాజులూ ఎండలో మెరుస్తున్నాయి. కువలయుడు ఆ రాతి మనిషికి చేతులు జోడించి, మలారం తన భుజానికి మార్చుకున్నాడు. ముఖానికి మసి పూసుకుని, పంచె పైకి కట్టాడు. సారంగయ్యను పుట్టి దగ్గరే ఉంచి, గాజులో గాజులని కేకవేసుకుంటూ గవని దాటాడు.

*

శుక్తిపురపు పెద్దసంత ఒకప్పుడు దేశదేశాల వాళ్ళు చెప్పుకునే సంత. పట్టుబేరగాళ్ళు ఏనుగుల మీద పరిచిన చీరలు, మిరియాల బస్తాల ఘాటు, చిలకల గోల, అద్దాల గుడారాల్లో ఆకాశం వెయ్యి ముక్కలై మెరవడం, అత్తరు వీధిలో నడిచినవాడి ఒంటిని వాసన వారం దాకా వదలకపోవడం కువలయునికి తెలుసు. ఇప్పుడు మైదానం నడుమ ఒకటే అంగడి. బంగారు గుడారం ఎండను మింగి మళ్ళీ కక్కుతున్నట్టు వెలుగుతోంది. దాని ముందు బళ్ళ మీద, పలకల మీద, గోనెల మీద మనుషులు వరసలో ఉన్నారు. వాళ్ళంతట వాళ్ళు నడవలేరు కాబట్టి అయినవాళ్ళు లాక్కుంటూ వచ్చారు. ఎవరూ గొడవ చేయడం లేదు. తిరణాల్లో నీళ్ళపందిరి ముందు నిలబడ్డట్టు నిలబడ్డారు.

గుడారం ముందు విక్రాంతసేన మహారాజు కూర్చుని ఉన్నాడు. జనానికి ధైర్యం చెప్పడానికి ఆ ఉదయమే తాను ముందుగా గుళిక మింగాడని వరసలో అనుకుంటున్నారు. నొప్పులతో వంగిన నడుం నిటారుగా ఉంది. ముఖాన కావలివాళ్ళ చిరునవ్వే ఉంది. అతని పక్కన పల్లకీలో కేతకి.

ఆ ఊళ్ళో ఆడమనిషి మందు పుచ్చుకునే ముందు గాజులు తొడగడం ఆచారం. గాజులవాణ్ణి ఎవరూ ఆపరు. కువలయుడు పల్లకీ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆమె చేతులు ఒళ్ళో పిడికిళ్ళు బిగించి రాయయ్యాయి. ఏ గాజూ ఆ పిడికిలి దాటదు. అయినా ఒక పచ్చగాజు తీసి ఆమె వేళ్ళ కణుపులకు ఆనించాడు. రాయి చుబుకం దాటి కింది పెదవి అంచున ఉంది. కళ్ళు మాత్రం ఆమెవే. అతని చేతుల్ని చూసి గుర్తుపట్టాయి.

అతను మలారం చాటున దొప్ప విప్పి, తేనెలో భస్మం రంగరించి, వేలితో ఆమె నాలుక మీద పెట్టాడు. వేచి చూశాడు. నాలుక కదిలింది. గొంతు కదలలేదు. అది అప్పటికే రాయి. తేనె నాలుక మీదే నిలిచి, నోటి మూల నుంచి మెల్లగా జారింది. కువలయుడు చుక్క నేల పడకుండా దొప్పలోకి తీసుకున్నాడు. దొప్పను ఆమె ఒళ్ళో ఉంచి, ఆమె నోరు తన వేలితో శుభ్రం చేశాడు.

"నేను తొందరపడ్డాను కేతకీ" అన్నాడు.

ఆమె కళ్ళు అతని మీద కాసేపు నిలిచాయి. తర్వాత గుడారం వైపు తిరిగాయి. అక్కడ ముక్కాలి పీట మీద నల్లశంఖం ఉంది. మళ్ళీ అతని వైపు తిరిగాయి. ఆమె అడిగేదేమిటో అతనికి అర్థమైంది.

"లే యువరాజా, మసి నీకు నప్పలేదు" అన్నాడు కరాళశంబరుడు. అతను గుడారం గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తెల్లని పట్టు, చేతిలో గుళికల పళ్ళెం. కత్తుల మీద చేతులు వేసిన కావలివాళ్ళను కళ్ళతోనే ఆపాడు. "కత్తులొద్దు. అంగట్లో నెత్తురు పడితే బేరం చెడుతుంది. నువ్వూ సరుకు తెచ్చావు, నేనూ తెచ్చాను. ఎంతమందికి తెచ్చావు?"

"ఒక్కరికి."

"ఎప్పటికి గుణమిస్తుంది?"

"రేపటికి."

కరాళశంబరుడు వరస వైపు తిరిగి చేతులు చాచాడు. ఇంకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేదు. వరసలో ఒకరిద్దరు నవ్వారు కూడా.

తర్వాత అతను మహారాజు వైపు వంగి వినయంగా అన్నాడు: "అమ్మాయికి గొంతు లేదు ప్రభూ. తండ్రికి కూతురి పేరు చెప్పే హక్కు ఉంది. మీరు చెప్పండి, నేను గుళిక వేస్తాను."

మహారాజు లేచి శంఖం దగ్గరికి వచ్చి నోరు తెరిచాడు. కువలయుడు మలారం విసిరేసి దూకాడు. గాజులు భళ్ళున పగిలి మైదానమంతా చిందాయి. తండ్రిని వెనక నుంచి పట్టుకుని అరచేత్తో నోరు మూశాడు. గుళిక ఇచ్చిన బలం ఏనుగు బలం. మహారాజు అతన్ని గుంజలకు కొట్టాడు, నేలకు కొట్టాడు, గాజు పెంకుల మీద ఈడ్చాడు. అరచేతిలో పళ్ళు దిగాయి. కువలయుడు వదలలేదు. తండ్రి భుజం మీదుగా అతనికి పల్లకీ కనిపిస్తూనే ఉంది.

రాయి కింది పెదవి ఎక్కింది. కేతకి కళ్ళు మూసుకోలేదు. పై పెదవి ఎక్కింది. ముక్కుపుటాలు ఒకసారి పెద్దవై అలాగే ఉండిపోయాయి. చెంపల రంగు పోయింది. కళ్ళలో తడి కాసేపు మెరిసి, తర్వాత అది కూడా రాతి మెరుపే అయింది.

అప్పుడు కువలయుడు చెయ్యి తీశాడు.

"కేతకి" అన్నాడు మహారాజు శంఖంలోకి. ప్రతి పేరుకూ ఘుమ్మని మోగే శంఖం మోగలేదు. కరాళశంబరుడు దాన్ని చెవికి ఆనించి విని, పీట మీద పెట్టేశాడు. అతని ముఖంలో మొదటిసారిగా చిరునవ్వు లేదు.

 కువలయుడు నెత్తురోడుతున్న చేత్తో పల్లకీ దగ్గరికి వెళ్ళి, చెల్లెలి ఒళ్ళోంచి దొప్ప తీశాడు. వరసలో ముందున్న ఆడమనిషి అతన్ని చూస్తోంది. ఉప్పు అమ్ముకునే సింగారమ్మ. ఆమె కాళ్ళు మోకాళ్ళ దాకా రాయి. ఒక బండి చెక్క మీద ఆమెను, మరో చెక్క మీద ఆమె భర్తను ఎవరో తోసుకొచ్చారు. భర్తకు మెడ మొదట్లోకి వచ్చింది.

"అది మా ఆయన గొంతు దిగుతుందా బాబూ?" అందామె.

"దిగుతుంది."

"రేపటి దాకా ఏం కనపడదన్నావు."

"కనపడదు."

"ఆ గుడారంలోదైతే ఇప్పుడే లేచి కూర్చుంటాడు."

"అవును."

ఆమె రాతి కేతకిని చూసింది. ఆ పక్కన ఇంకా శంఖం మీద వంగి కూతురి పేరు చెబుతూనే ఉన్న మహారాజును చూసింది. భర్త తల పట్టుకుని, "మింగవయ్యా, చేదుంటే తర్వాత తిడుదువు గాని" అని నోరు తెరిపించింది. కువలయుడు దొప్ప వంచాడు. ముసలాయన గుటక వేశాడు. గొంతు పైకీ కిందికీ కదలడం అందరూ చూశారు. అంతకు మించి ఏమీ జరగలేదు. వరసలో చాలామంది మళ్ళీ గుడారం వైపు తిరిగారు. అక్కడక్కడా కొందరు మాత్రం తమ చెక్కలను వరస పక్కకు లాగమన్నారు. వాళ్ళు పాదాల దగ్గరా పిక్కల దగ్గరా ఉన్నవాళ్ళు.

మరి తన వంతు ఎప్పుడని సింగారమ్మ అడిగింది. రాళ్ళు మళ్ళీ నాగుల గుహ నుంచి తేవాలని, కాల్చడానికి అగ్నిలోయలో పుల్ల కూడా మిగల్లేదని, ఎప్పటికో తాను చెప్పలేనని కువలయుడు చెప్పాడు. తెస్తానని మాత్రం మాట ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

గుడారంలో కరాళశంబరుడు శంఖాన్ని పెదవులకు ఎత్తుకున్నాడు.

"మాటలెందుకు, పో బాబూ" అంది సింగారమ్మ. "నువ్వు ఆలస్యం చేస్తావని మేమెక్కడికైనా పోతామా? కాళ్ళేవీ? ఇక్కడే ఉంటాం."

కువలయుడు ఏటిగవని వైపు పరుగెత్తాడు. శంఖం మోగింది. వెనక వందల పాదాలు ఒక్కసారిగా కదిలాయి. వాటన్నిటికంటే ముందుగా, అన్నిటికంటే దగ్గరగా వస్తున్న అడుగులు ఎవరివో అతను తిరిగి చూడనక్కర్లేదు. ఆ అడుగుల చప్పుడు వింటేనే చిన్నప్పుడు అతనూ కేతకీ గుమ్మంలోకి పరుగెత్తేవారు.